ఆస్టరిస్క్ ముందు కమైలియో: తిరుపతి లాడ్జీల ఫోన్లన్నీ ఒకే అమరికలోకి తేవడం ఎలా?

తిరుపతిలో ఒకే యజమానికి రెండు మూడు లాడ్జీలు ఉండటం మామూలే. రైల్వే స్టేషన్ ఎదురుగా ఒకటి, అలిపిరి రోడ్డులో ఒకటి, తిరుచానూరులో ఇంకొకటి. ఒక్కో చోట ఒక్కో ఆస్టరిస్క్ (ఫోన్ ఎక్స్ఛేంజ్ సాఫ్ట్‌వేర్) సర్వర్ పెట్టి, దేని నంబర్లు దానికే ఇచ్చి నడిపిస్తుంటారు. మామూలు రోజుల్లో ఇబ్బంది ఉండదు. బ్రహ్మోత్సవాలప్పుడో వైకుంఠ ఏకాదశికో గదుల కోసం ఫోన్లు మొదలైతే కథ మారిపోతుంది. ఒక లాడ్జీలో భక్తులు లైన్లో పడిగాపులు పడుతుంటే, ఇంకో లాడ్జీలో రిసెప్షన్ ఫోన్ ఊరకే ఉంటుంది. అదే సమయానికి ఒక సర్వర్ ఆగిపోయిందంటే ఆ లాడ్జీకి బుకింగులే ఉండవు.

ఈ సమస్యకు నేను నమ్మిన పరిష్కారం ఒకటే. ముందు కమైలియో అనే సిప్ ప్రాక్సీ (సిప్ అంటే నెట్‌వర్క్ ఫోన్లు కాల్ కలపడానికి వాడే భాష, ప్రాక్సీ అంటే ఆ మెసేజీలను దారి మళ్లించే మధ్యవర్తి), దాని వెనక రెండు ఆస్టరిస్క్‌లు. రెండూ ఓపెన్ సోర్స్, లైసెన్సు ఖర్చు లేదు. లాడ్జీలనే కాదు, చిత్తూరు చుట్టుపక్కల మామిడి గుజ్జు ఫ్యాక్టరీలకూ ఇదే అమరిక సరిపోతుంది. తోతాపురి సీజన్‌లో రైతులు, లారీల వాళ్లు, ఏజెంట్లు అందరూ ఒకేసారి ఫోన్ చేస్తారు కదా, అక్కడి అవసరమూ ఇలాంటిదే.

లైనెక్స్ కమాండ్ లైన్ అలవాటు ఉండి, ఒక్కసారైనా ఆస్టరిస్క్‌తో రెండు ఫోన్లు మాట్లాడించినవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. ఫైళ్ల పేర్లు, సెట్టింగుల పేర్లు తెలుగు లిపిలోనే ఇస్తున్నాను. ఫైల్‌లో టైప్ చేసేటప్పుడు ఇంగ్లిష్ అక్షరాలు వాడండి, సెట్టింగు పేర్లలో మాటల మధ్య అండర్‌స్కోర్ పెట్టండి.

ముందు ఎవరి పని ఏదో తేల్చుకోండి

ఈ రెండు సాఫ్ట్‌వేర్లూ పుట్టిన అవసరాలు వేరు. 1999లో మార్క్ స్పెన్సర్ ఆస్టరిస్క్ మొదలుపెట్టింది ఒక ఆఫీసుకు కావాల్సిన ఫోన్ ఎక్స్ఛేంజ్ కోసం. కమైలియో మూలం 2001లో బెర్లిన్‌లోని ఫ్రాన్‌హోఫర్ ఫోకస్ సంస్థలో మొదలైన సిప్ ఎక్స్‌ప్రెస్ రౌటర్. అది 2005లో ఓపెన్‌సెర్‌గా విడిపోయి, 2008లో కమైలియో అయింది. సిప్ మెసేజీలను వేగంగా దారి మళ్లించడమే దాని పని.

కమైలియో లీలామహల్ సర్కిల్‌లో నిలబడ్డ ట్రాఫిక్ కానిస్టేబుల్ లాంటిది. ఏ బండి ఎటు పోవాలో చెప్తుంది గానీ బండి ఎక్కదు. మాట, అంటే ఆర్టీపీ ఆడియో, దాని గుండా పోదు. ఆస్టరిస్క్ అలా కాదు. కాల్‌ను తనే ఎత్తుకుంటుంది, అవతలికి ఇంకో కాల్ తనే చేస్తుంది, రెండింటినీ కలుపుతుంది. అందుకే ఐవీఆర్ (ఒకటి నొక్కండి, రెండు నొక్కండి అని చెప్పే మెనూ), క్యూ (కాల్స్ వరుస), రికార్డింగ్, వాయిస్‌మెయిల్, కాన్ఫరెన్స్ అన్నీ ఆస్టరిస్క్‌లోనే ఉంటాయి.

దీన్నిబట్టి ఒక నియమం పెట్టుకోండి. ఫోన్ల రిజిస్ట్రేషన్ (తాము ఏ అడ్రస్‌లో ఉన్నామో ఫోన్లు చెప్పడం), పాస్‌వర్డ్ తనిఖీ కమైలియో దగ్గర మాత్రమే జరగాలి. ఆస్టరిస్క్ దగ్గర ఒక్క ఫోన్ కూడా రిజిస్టర్ కాకూడదు, అక్కడ పాస్‌వర్డే ఉండకూడదు. కమైలియో ఐపీ అడ్రస్ నుంచి వచ్చిందా లేదా అన్నది మాత్రమే అది చూడాలి. ఈ రెండింటినీ కలపబోయి తల పట్టుకునేవాళ్లలో ఎక్కువమంది పాస్‌వర్డును రెండు చోట్లా అడిగిస్తారు. అప్పుడు ఫోన్‌కు పాస్‌వర్డ్ అడిగే సిప్ జవాబులు 407 ఒకసారి, 401 ఇంకోసారి వస్తాయి. ఒక ఫోన్ పనిచేస్తుంది, పక్క ఫోన్ పనిచేయదు, కారణం ఎవరికీ అంతుపట్టదు.

మెషీన్లు, అడ్రసులు

మూడు మెషీన్లు కావాలి, వర్చువల్ అయినా ఫర్వాలేదు. వంద ఫోన్ల లోపు అయితే ఒక్కోదానికి రెండు కోర్లు, 4 జీబీ మెమరీ చాలు. ఉబుంటు 24.04 వేసుకోండి. అందులో ఆస్టరిస్క్ 20, కమైలియో 5.7 రెండూ ప్యాకేజీలుగానే దొరుకుతాయి, సోర్స్ నుంచి కంపైల్ చేసే శ్రమ ఉండదు. ఈ వ్యాసంలో కమైలియో అడ్రస్ 192.168.10.10 అనుకుందాం. ఆస్టరిస్క్‌లు 192.168.10.21, 192.168.10.22. మూడింటికీ స్టాటిక్ ఐపీలే ఉండాలి. మూడూ, మధ్యలో ఉన్న స్విచ్చూ యూపీఎస్ మీద ఉండాలి. స్విచ్‌ను మర్చిపోతే కరెంటు పోయినప్పుడు సర్వర్లు బతికే ఉంటాయి, ఫోన్లు మాత్రం మోగవు.

ఒక లాడ్జీలో మూడు మెషీన్లూ పెట్టి, మిగతా లాడ్జీలను వైర్‌గార్డ్ వీపీఎన్‌తో (ఇంటర్నెట్ మీద గుప్తంగా నడిచే సొంత లైన్ లాంటిది) దానికి కలపడం నా సలహా. ఎందుకో ఆడియో దగ్గర చెప్తాను.

కమైలియో మెషీన్ సిద్ధం చేయడం

కమైలియో, దాని మైసీక్వెల్ మాడ్యూళ్ల ప్యాకేజీ, మరియాడీబీ సర్వర్ ఇన్‌స్టాల్ చేయండి. ఈటీసీ డైరెక్టరీలో కమైలియో ఫోల్డర్ ఉంటుంది. అందులోని కామ్‌సీటీఎల్ఆర్‌సీ ఫైల్ తెరిచి డేటాబేస్ ఇంజిన్ మైసీక్వెల్ అని, సిప్ డొమైన్ దగ్గర 192.168.10.10 అని రాయండి. డేటాబేస్ పాస్‌వర్డులు కూడా అక్కడే ఉంటాయి. అవి ప్రపంచంలో అందరికీ తెలిసిన డిఫాల్ట్ పాస్‌వర్డులు కాబట్టి ఇప్పుడే మార్చేయండి. తర్వాత కామ్‌డీబీసీటీఎల్ క్రియేట్ కమాండ్ ఇస్తే టేబుళ్లు తయారవుతాయి.

ఇప్పుడు అసలు ఫైల్, కమైలియో డాట్ సీఎఫ్‌జీ. కొత్తగా రాయాల్సిన పనిలేదు, ప్యాకేజీతో వచ్చినదాన్నే వాడుకుందాం. ఫైల్ మొదటి లైన్ కిందే మూడు డిఫైన్లు (ఒక్కో సౌకర్యాన్ని ఆన్ చేసే లైన్లు) చేర్చండి: విత్ మైసీక్వెల్, విత్ ఆథ్, విత్ యూజర్‌లాక్‌డీబీ. ఈ మూడో పేరు ఫైల్ పైన వ్యాఖ్యల్లో ఎలా ఉందో చూసి అచ్చంగా అలాగే కాపీ చేసుకోండి. డిఫైన్లన్నీ పెద్ద అక్షరాల్లో ఉండాలి. మొదటిది డేటాబేస్‌ను కలుపుతుంది, రెండోది పాస్‌వర్డ్ అడుగుతుంది. మూడోది ఏ ఫోన్ ఏ అడ్రస్‌లో ఉందో డేటాబేస్‌లో దాస్తుంది, దానివల్ల కమైలియోను రీస్టార్ట్ చేసినా రిజిస్ట్రేషన్లు పోవు. కాస్త కిందికి వస్తే డీబీ యూఆర్ఎల్ ఉంటుంది. ఇందాక మార్చిన పాస్‌వర్డ్ అక్కడా మార్చాలి. లిజన్ లైన్‌లో యూడీపీ, 192.168.10.10, పోర్ట్ 5060 అని స్పష్టంగా ఇవ్వండి.

ఫోన్లకు ఖాతాలు కామ్‌సీటీఎల్ యాడ్ కమాండ్‌తో తెరవాలి. 2101, 2102 ఇలా నాలుగంకెల నంబర్లు పెట్టుకోండి. స్టేషన్ దగ్గరి లాడ్జీకి 21తో, అలిపిరి రోడ్డు లాడ్జీకి 22తో, తిరుచానూరు లాడ్జీకి 23తో మొదలయ్యేలా ఇస్తే తర్వాత రిపోర్టులు చదవడం తేలిక. పాస్‌వర్డ్‌గా ఫోన్ నంబరే ఇచ్చే అలవాటు మన దగ్గర బాగా ఉంది. దయచేసి ఆ పని చేయకండి. పాస్‌వర్డ్‌ను ఫోన్‌లో ఒక్కసారే కొడతారు కాబట్టి పదహారు అక్షరాలైనా వచ్చే కష్టం లేదు.

రెండు ఫోన్లను రిజిస్టర్ చేసి ఒకదాన్నుంచి ఇంకోదానికి కాల్ చేయండి. ఆస్టరిస్క్ ఇంకా రంగంలోకి రాలేదు, అయినా ఫోన్ మోగాలి. మోగకపోతే ముందుకు పోవద్దు. ఇక్కడ వదిలేసిన లోపం తర్వాత ఆస్టరిస్క్ మీదికి వస్తుంది, మీరు దాన్ని తప్పు చోట వెతుకుతారు.

ఆస్టరిస్క్ వైపు

పాత ట్యుటోరియళ్లు చూసి సిప్ డాట్ కాన్ఫ్ ఫైల్‌లో రాయడం మొదలుపెట్టకండి. ఆ పాత చాన్‌సిప్ డ్రైవర్‌ను ఆస్టరిస్క్ 21 నుంచి పూర్తిగా తీసేశారు. ఇప్పుడు వాడాల్సింది పీజేసిప్, ఫైల్ పేరు పీజేసిప్ డాట్ కాన్ఫ్.

ఇందులో నాలుగు విభాగాలు చాలు. మొదటిది ట్రాన్స్‌పోర్ట్: యూడీపీ, బైండ్ అడ్రస్ ఆ మెషీన్ సొంత అడ్రస్, పోర్ట్ 5060. రెండోది కమైలియో పేరుతో ఎండ్‌పాయింట్, అంటే అవతలి పక్షం వివరాలు. దాని కాంటెక్స్ట్ (వచ్చిన కాల్ ఏ నియమాల గుంపులోకి పోవాలో చెప్పే పేరు) ఫ్రమ్-కమైలియో. కోడెక్‌లు (ఆడియోను డిజిటల్‌గా మార్చే పద్ధతులు) ముందు అన్నీ డిసలవ్ చేసి, తర్వాత ఏలా, యూలా రెండే అలవ్ చేయండి. మన దేశపు టెలిఫోన్ నెట్‌వర్క్ ఏలాతో నడుస్తుంది కాబట్టి అది ముందు ఉండాలి. డైరెక్ట్ మీడియా నో, ఆర్టీపీ సిమెట్రిక్ యెస్, డీటీఎంఎఫ్ (నొక్కిన అంకెలను పంపే) మోడ్ ఆర్‌ఎఫ్‌సీ4733. రీరైట్ కాంటాక్ట్ తప్పకుండా నో. న్యాట్ (లోపలి అడ్రసులను రౌటర్ తన పబ్లిక్ అడ్రస్‌గా మార్చడం) వెనక ఉన్న ఫోన్ నేరుగా ఆస్టరిస్క్‌కు రిజిస్టర్ అయినప్పుడు దీన్ని యెస్ చేయమంటారు, ఆ సలహా మన అమరికకు వర్తించదు. మధ్యలో ప్రాక్సీ ఉన్నప్పుడు యెస్ అని ఉంచితే, కాల్ మధ్యలో వెళ్లే మెసేజీలు దారి తప్పుతాయి.

మూడోది ఏవోఆర్, అంటే ఆ ఎండ్‌పాయింట్‌ను చేరే అడ్రస్: కాంటాక్ట్ దగ్గర కమైలియో అడ్రస్, క్వాలిఫై ఫ్రీక్వెన్సీ 30. నాలుగోది ఐడెంటిఫై: మ్యాచ్ దగ్గర 192.168.10.10, ఎండ్‌పాయింట్ దగ్గర కమైలియో. ఆథ్ విభాగం రాయనే వద్దు.

తర్వాత ఎక్స్‌టెన్షన్స్ డాట్ కాన్ఫ్, అంటే ఏ నంబర్ కొడితే ఏం చేయాలో చెప్పే డయల్‌ప్లాన్ ఉండే ఫైల్. ఫ్రమ్-కమైలియో కాంటెక్స్ట్‌లో, 2తో మొదలయ్యే నాలుగంకెల నంబర్లకు ఒక ప్యాటర్న్ రాసి, అదే నంబర్‌ను పీజేసిప్ ద్వారా కమైలియో ఎండ్‌పాయింట్‌కు డయల్ చేయించండి. అంటే ఫోన్ నుంచి కాల్ కమైలియోకు వస్తుంది, అక్కడి నుంచి ఆస్టరిస్క్‌కు, ఆస్టరిస్క్ నుంచి మళ్లీ కమైలియోకు, చివరికి రెండో ఫోన్‌కు. ఇంత చుట్టుతిరుగుడు ఎందుకని అడుగుతారు. కాల్ రికార్డింగ్, కాల్ ట్రాన్స్‌ఫర్, మోగి మోగి ఎత్తకపోతే వాయిస్‌మెయిల్‌కు పంపడం లాంటివి ఆస్టరిస్క్ చేతిలో ఉండాలంటే ఈ చుట్టు తప్పదు. దీంతోపాటు 600 నంబర్‌కు ఎకో టెస్ట్ (మన మాట మనకే తిరిగి వినిపించేది) కూడా పెట్టుకోండి, చాలా పనికొస్తుంది.

రెండో ఆస్టరిస్క్‌లోనూ ఇవే ఫైళ్లు, బైండ్ అడ్రస్ ఒక్కటే తేడా. ఒకదాంట్లో మార్చి రెండోదాంట్లో మర్చిపోకుండా, ఫైళ్లు ఒకచోట ఉంచి రెండింటికీ ఆర్‌సింక్‌తో పంపడం అలవాటు చేసుకోండి.

డిస్పాచర్‌తో రెండింటినీ జోడించడం

ఏ కాల్ ఏ ఆస్టరిస్క్‌కు పోవాలో చెప్పేది కమైలియోలోని డిస్పాచర్ మాడ్యూల్. డిస్పాచర్ డాట్ లిస్ట్ ఫైల్‌లో రెండు లైన్లు రాయాలి. ఒక్కో లైన్‌లో మొదట గ్రూప్ నంబర్ 1, తర్వాత సిప్ అడ్రస్, తర్వాత ఫ్లాగ్ 0, ప్రయారిటీ 0.

కాన్ఫిగ్ ఫైల్‌లో మాడ్యూల్‌ను లోడ్ చేసి ఈ పారామీటర్లు ఇవ్వండి. లిస్ట్ ఫైల్ ఎక్కడుందో చెప్పాలి. ఫ్లాగ్స్ 2 అని ఉండాలి, ఒకటి పోతే రెండోదానికి మళ్లించడం దీనివల్లే సాధ్యం. డీఎస్ పింగ్ ఇంటర్వెల్ 10, డీఎస్ ప్రోబింగ్ మోడ్ 1 అని ఇస్తే కమైలియో ప్రతి పది సెకన్లకు ఆప్షన్స్ మెసేజ్ పంపి రెండు ఆస్టరిస్క్‌లూ బతికున్నాయో లేదో చూసుకుంటుంది.

ఇప్పుడు రూట్లలోకి, అంటే ఏ మెసేజ్‌ను ఏం చేయాలో చెప్పే కాన్ఫిగ్ ఫైల్ భాగాల్లోకి పోదాం. ఆథ్ రూట్ మొదట్లోనే ఒక షరతు పెట్టండి: డీఎస్ ఈజ్ ఫ్రమ్ లిస్ట్ ఫంక్షన్ గ్రూప్ 1కి నిజమని చెప్తే అక్కడి నుంచే రిటర్న్. అంటే ఆస్టరిస్క్ నుంచి వచ్చిన కాల్‌కు పాస్‌వర్డ్ అడగొద్దు అని. ఇది రాయకపోతే, ఆస్టరిస్క్ కాల్‌లో పంపినవాడి డొమైన్ కమైలియోదే అయినప్పుడు 407 వస్తుంది, దాని దగ్గర పాస్‌వర్డ్ లేదు కాబట్టి కాల్ అక్కడే ఆగిపోతుంది; డొమైన్ వేరే అయితే కింద భద్రత భాగంలో రాసే షరతు దాన్ని 403తో ఆపేస్తుంది.

ప్రధాన రూట్‌లో రిజిస్ట్రార్ పిలుపు తర్వాత, పీఎస్‌టీఎన్ (బయటి ఫోన్ నెట్‌వర్క్), లొకేషన్ (రిజిస్టర్ అయిన ఫోన్‌ను వెతకడం) పిలుపులకు ముందు ఇంకో షరతు. కాల్ ఆస్టరిస్క్ జాబితా నుంచి రాలేదంటే డిస్పాచ్ అనే కొత్త రూట్‌కు పంపాలి. జాబితా నుంచే వచ్చిందంటే కిందికి, లొకేషన్‌కు పోనివ్వాలి. ఈ షరతు తిరగబడితే కాల్ ఆస్టరిస్క్‌కు, కమైలియోకు మధ్య గిరగిరా తిరుగుతుంది.

డిస్పాచ్ రూట్‌లో డీఎస్ సెలెక్ట్ డీఎస్‌టీ ఫంక్షన్‌కు గ్రూప్ 1, పద్ధతి 4 ఇవ్వండి. 4 అంటే వంతులవారీగా ఒకటి తర్వాత ఒకటి. ఒక్కటీ దొరకకపోతే 503 (సేవ అందుబాటులో లేదు) జవాబు పంపి ముగించాలి. దొరికితే ఫెయిల్యూర్ రూట్ (పంపడం విఫలమైతే నడిచే భాగం) పెట్టి రిలే చేయాలి, అంటే ముందుకు పంపాలి. ఆ ఫెయిల్యూర్ రూట్‌లో 500 పైబడిన జవాబు వచ్చినా, అసలు జవాబే రాకపోయినా డీఎస్ నెక్స్ట్ డీఎస్‌టీ పిలిచి మళ్లీ రిలే చేయాలి.

ఇక్కడ ఎక్కువమంది వదిలేసే చిన్న విషయం ఒకటుంది. జవాబు కోసం కమైలియో డిఫాల్ట్‌గా 30 సెకన్లు ఆగుతుంది. ఆస్టరిస్క్ అప్పుడే ఆగిపోయి, పింగ్ ఇంకా దాన్ని పట్టుకోకముందు కాల్ వస్తే, భక్తుడికి అర నిమిషం నిశ్శబ్దం తప్ప ఏమీ వినపడదు. అంతసేపు ఎవరూ ఆగరు, పెట్టేసి పక్క లాడ్జీకి చేస్తారు. రిలేకు ముందు టీ సెట్ ఎఫ్ఆర్ ఫంక్షన్‌తో రెండో విలువ 2000 మిల్లీసెకన్లు పెట్టండి. రెండు సెకన్లలో రెండో సర్వర్‌కు పోతుంది.

వంతులవారీ పద్ధతి మామూలు కాల్స్‌కు బాగుంటుంది, కాన్ఫరెన్స్ గదులకు పనికిరాదు. 800 నంబర్ గదిలోకి మేనేజరు మొదటి సర్వర్ ద్వారా, యజమాని రెండో సర్వర్ ద్వారా వెళ్తే ఇద్దరూ వేర్వేరు గదుల్లో ఒంటరిగా కూర్చుంటారు. అలాంటి నంబర్లకు పద్ధతి 3 వాడండి. అది డయల్ చేసిన అడ్రస్‌ను బట్టి సర్వర్‌ను ఎంచుకుంటుంది, కాబట్టి ఒకే గదికి చేసినవాళ్లందరూ ఒకే సర్వర్‌కు చేరతారు.

కమైలియోను రీస్టార్ట్ చేసి కామ్‌సీఎండీ డిస్పాచర్ డాట్ లిస్ట్ కమాండ్ ఇవ్వండి. రెండు అడ్రసుల దగ్గరా ఫ్లాగ్స్ ఏపీ అని కనిపించాలి. ఐపీ అని ఉంటే ఆ ఆస్టరిస్క్ జవాబు ఇవ్వట్లేదని అర్థం. సర్వర్ నడుస్తూనే ఉన్నా ఐపీ అని చూపిస్తుంటే ఐడెంటిఫై విభాగం చూడండి. అక్కడ అడ్రస్ తప్పు పడితే ఆస్టరిస్క్ ఆప్షన్స్‌కు 401 ఇస్తుంది, కమైలియో దాన్ని చచ్చిన సర్వర్‌గానే లెక్కేస్తుంది.

భద్రత: ఈ భాగం చదవకుండా ఇంటర్నెట్‌కు కలపకండి

కమైలియోతో వచ్చే కాన్ఫిగ్‌లో పాస్‌వర్డ్ ఎప్పుడు అడుగుతారో జాగ్రత్తగా చదవండి. రిజిస్టర్ మెసేజ్‌కు అడుగుతుంది. పంపినవాడి డొమైన్ మన డొమైన్ అయితే అడుగుతుంది. బయటి డొమైన్ పేరుతో మన నంబర్‌కు కాల్ వస్తే అడగదు. ఈమెయిల్ లాగా ఎవరైనా ఎవరికైనా కాల్ చేయొచ్చన్న సిప్ ఆలోచన ప్రకారం అది సరైనదే.

మన అమరికలో మాత్రం అది పెద్ద ప్రమాదం. ఎక్కడో కూర్చున్న మోసగాడు ఏదో డొమైన్ పేరు పెట్టి, విదేశీ నంబర్‌ను మన కమైలియో అడ్రస్‌కు డయల్ చేస్తాడు. కమైలియో పాస్‌వర్డ్ అడగకుండా ఆస్టరిస్క్‌కు పంపుతుంది. కమైలియో నుంచి వచ్చింది కదా అని ఆస్టరిస్క్ నమ్ముతుంది, ట్రంక్ (ప్రొవైడర్ ఇచ్చే బయటి ఫోన్ లైను) మీద ఐఎస్‌డీ కాల్ వెళ్లిపోతుంది. శుక్రవారం రాత్రి మొదలైతే సోమవారం ఉదయానికి బిల్లు ఊహించలేనంత అవుతుంది. మనం ఆస్టరిస్క్‌లో పాస్‌వర్డ్ తీసేశాం కాబట్టి గేటు కాయాల్సిన బాధ్యత మొత్తం కమైలియోది.

అందుకే ఆథ్ రూట్‌లో, ఆస్టరిస్క్ షరతు కింద ఇంకోటి రాయండి. పంపినవాడి డొమైన్ మనది కాకపోతే, వచ్చిన ఐపీ ట్రంక్ ప్రొవైడర్‌ది అయితేనే అనుమతించాలి. మిగతా అందరికీ 403 (అనుమతి లేదు). ప్రొవైడర్ అడ్రసులు పర్మిషన్స్ మాడ్యూల్ అడ్రస్ టేబుల్లో పెట్టుకోవచ్చు. దీన్ని తప్పకుండా పరీక్షించండి. బయటి నెట్ నుంచి ఒక సాఫ్ట్‌ఫోన్‌తో, ఖాతా లేకుండా, మీ పబ్లిక్ అడ్రస్‌కు కాల్ చేసి 403 వచ్చిందని కళ్లారా చూడండి.

విత్ యాంటీఫ్లడ్ డిఫైన్ చేర్చితే పైక్ మాడ్యూల్ అతివేగంగా కొట్టే ఐపీలను కాసేపు నిషేధిస్తుంది. ఆస్టరిస్క్ మెషీన్లలో ఫైర్‌వాల్ పెట్టి, 5060 పోర్ట్‌కు 192.168.10.10 తప్ప ఎవర్నీ రానివ్వకండి. విదేశీ కాల్స్ అవసరం లేని లాడ్జీ అయితే ప్రొవైడర్‌కు రాతపూర్వకంగా చెప్పి ఐఎస్‌డీ బ్లాక్ చేయించండి. అన్నిటికంటే గట్టి తాళం అదే.

ఆడియో

సిగ్నల్ కమైలియో గుండా పోతుంది, ఆడియో ఫోన్‌కూ ఆస్టరిస్క్‌కూ మధ్య నేరుగా పోతుంది. ఒకే లాన్‌లో ఉంటే సమస్యే లేదు. తిరుచానూరు లాడ్జీ ఫోన్ తన రౌటర్ వెనక నుంచి ఇంటర్నెట్ ద్వారా వస్తే మాత్రం న్యాట్ గొడవ మొదలవుతుంది. ఫోన్ తన అడ్రస్ 192.168.1.15 అని చెప్తుంది, ఆస్టరిస్క్ అక్కడికి ఆడియో పంపుతుంది, అది ఎక్కడికీ చేరదు. ఒకరి మాట ఒకరికి వినపడి, రెండోవాళ్లది వినపడని ఫిర్యాదు ఇలాగే పుడుతుంది.

దీనికి విత్ న్యాట్ డిఫైన్, ఆర్టీపీ ఇంజిన్ (ఆడియోను తన గుండా దాటించే సాఫ్ట్‌వేర్) పెట్టుకునే దారి ఉంది. పెద్ద సంస్థలకు అది అవసరం కూడా. మూడు లాడ్జీలకు దానికంటే వైర్‌గార్డ్ సులువు. ప్రతి లాడ్జీ రౌటర్‌లో వైర్‌గార్డ్ పెట్టి, మూడు నెట్‌వర్కులకూ వేర్వేరు ఐపీ శ్రేణులు ఇస్తే అంతా ఒకే లాన్‌లా పనిచేస్తుంది. న్యాట్ బెడద పోతుంది, మాటలు ఎన్‌క్రిప్ట్ అయి వెళ్తాయి, 5060 పోర్ట్‌ను ప్రపంచానికి తెరవాల్సిన పనీ ఉండదు. ఏ దారి ఎంచుకున్నా ఫైబర్ రౌటర్‌లో సిప్ ఏఎల్‌జీ అనే ఆప్షన్ ఉంటే ఆపేయండి. సాయం చేసే పేరుతో అది మెసేజీల్లో అడ్రసులు మార్చేసి మరింత గందరగోళం చేస్తుంది.

బ్యాండ్‌విడ్త్ లెక్క సులభం. ఏలా కోడెక్‌లో ఒక కాల్‌కు హెడర్లతో కలిపి ఒక్కో దిక్కున సుమారు 87 కిలోబిట్లు. ఇరవై కాల్స్ అంటే 1.75 మెగాబిట్లు, వీపీఎన్ హెడర్లు దానికి అదనం. నెట్ వేగం కంటే నెట్ నిలకడ ముఖ్యం. అతిథుల వైఫై, ఫోన్లు ఒకే లైన్ మీద ఉంటే రౌటర్‌లో వాయిస్‌కు ముందు వరుస ఇవ్వండి.

క్యూ, ఐవీఆర్

తిరుపతికి ఫోన్ చేసేవాళ్లలో తమిళనాడు, కర్ణాటక వాళ్లు చాలామంది. ఐవీఆర్‌లో తెలుగుతో పాటు తమిళం, కన్నడం, హిందీ పెట్టండి. గొంతు రికార్డింగులు 8 కిలోహెర్ట్జ్, మోనో, 16 బిట్ వేవ్ ఫైళ్లుగా మార్చుకోవాలి. ఒక్కో భాష వాక్యాన్ని ఆ భాష ఇంట్లో మాట్లాడేవాళ్ల చేతే చదివించండి.

క్యూ దగ్గర ఒక చిక్కు ఉంది. ఏ ఫోన్ ఖాళీగా ఉందో, ఏది బిజీనో ఆస్టరిస్క్‌కు మామూలుగా తెలుస్తుంది, ఎందుకంటే ఫోన్లు దాని దగ్గరే రిజిస్టర్ అవుతాయి. మన అమరికలో దానికి కనిపించేది కమైలియో ఒక్కటే. 2101, 2102 ఫోన్లను నేరుగా పీజేసిప్ పేరుతో క్యూలో చేర్చితే ఫోన్ల స్థితి దానికి సరిగ్గా తెలియదు, ఖాళీగా ఉన్నవాళ్లకు కూడా కాల్స్ పోకపోవచ్చు. అందుకని సభ్యుల్ని లోకల్ చానల్ రూపంలో చేర్చండి, అది డయల్‌ప్లాన్ ద్వారా ఫోన్‌కు చేస్తుంది. ఫోన్లలో కాల్ వెయిటింగ్ ఆపేయండి. అప్పుడు మాట్లాడుతున్న ఫోనే 486 బిజీ జవాబు ఇస్తుంది, క్యూ తర్వాతి మనిషి దగ్గరికి వెళ్తుంది. రిసెప్షన్ ఫోన్ల మీద వెలిగే దీపాలు, అంటే బీఎల్ఎఫ్, ఈ అమరికలో అదనపు పని. దానికి కమైలియో ప్రెజెన్స్ మాడ్యూళ్లు కావాలి. మొదట్లో దాని జోలికి పోకండి.

ఇంకొకటి, రెండు ఆస్టరిస్క్‌లకూ క్యూలు వేర్వేరు. సగం కాల్స్ ఒక క్యూలో, సగం ఇంకో క్యూలో ఉంటే వరుస తప్పుతుంది. బుకింగ్ నంబర్‌కు వచ్చే కాల్స్‌ను కూడా పద్ధతి 3తో ఒకే సర్వర్‌కు పంపి, రెండోదాన్ని అది పోయినప్పటికి ఉంచుకోండి.

ట్రంక్

లైసెన్సు ఉన్న టెలికాం ప్రొవైడర్ నుంచే సిప్ ట్రంక్ తీసుకోండి. సిమ్ బాక్సులు పెట్టి ఇంటర్నెట్ మీద వచ్చే విదేశీ కాల్స్‌ను లోకల్ నంబర్లలోకి మళ్లించడం నేరం. తక్కువకు వస్తుందని ఎవరు చెప్పినా ఆ జోలికి పోవద్దు.

ట్రంక్‌ను కమైలియోకే కలపండి, ప్రొవైడర్‌కు ఒక్క ఐపీ ఇస్తే చాలు. లోపలికి వచ్చిన కాల్ డిస్పాచ్ రూట్ ద్వారా ఆస్టరిస్క్‌కు వెళ్తుంది. బయటికి పోయే కాల్ ఆస్టరిస్క్ నుంచి వచ్చినప్పుడు, నంబర్ నాలుగంకెలదైతే లొకేషన్‌కు, కాకపోతే ప్రొవైడర్‌కు పంపాలి. ఎక్కువమంది ఇక్కడ పది అంకెల నంబర్ల వరకే ఆలోచిస్తారు. 112, 108 మూడంకెల నంబర్లు. ఏ గది ఫోన్ నుంచైనా ముందు సున్నా కొట్టకుండానే అవి వెళ్లాలి. కొండెక్కి వచ్చి అలిసిపోయిన పెద్దవాళ్లు ఉండే ఊరు ఇది, ఆ నంబర్ మోగకపోవడం చిన్న విషయం కాదు. ఆస్టరిస్క్ కన్సోల్‌లో డయల్‌ప్లాన్ షో కమాండ్‌తో దారి సరిగ్గా ఉందో చూసుకోండి, ఊరికే టెస్టు కోసం అక్కడికి ఫోన్ చేసి వాళ్ల సమయం తినకండి.

పరీక్ష

కమైలియో మెషీన్‌లో ఎస్‌ఎన్‌గ్రెప్ ఇన్‌స్టాల్ చేసుకోండి. కాల్ మెసేజీలన్నీ నిచ్చెనలా తెర మీద చూపిస్తుంది. 2101 నుంచి 2201కి చేస్తే ఇలా కనిపించాలి. ఫోన్ నుంచి ఇన్వైట్ (కాల్ మొదలుపెట్టే మెసేజ్), కమైలియో నుంచి 407, ఫోన్ నుంచి ఆక్ (జవాబు అందిందని చెప్పే మెసేజ్), పాస్‌వర్డ్‌తో మళ్లీ ఇన్వైట్, 100, అక్కడి నుంచి ఆస్టరిస్క్‌కు ఇన్వైట్. తర్వాత ఆస్టరిస్క్ నుంచి వేరే కాల్ ఐడీతో కమైలియోకు కొత్త ఇన్వైట్, అది రెండో ఫోన్‌కు. 180 (మోగుతోంది), ఎత్తగానే 200, దానికి ఆక్. పెట్టేస్తే బై.

ఈ నిచ్చెన చదవడం వస్తే సగం టెన్షన్ పోతుంది. ఉదాహరణకు కాల్ బాగానే మొదలై, సరిగ్గా 32 సెకన్లకు కట్ అవుతోందనుకోండి. నెట్ బాగాలేదని అందరూ అంటారు. అసలు కారణం ఆక్ చేరకపోవడం. 200 పంపినవాళ్లు ఆక్ కోసం ఎదురుచూస్తూ అదే 200ని మళ్లీ మళ్లీ పంపుతారు. సిప్‌లో మూల టైమర్ అర సెకను, దానికి 64 రెట్లు 32 సెకన్లు. అప్పటికీ రాకపోతే కాల్ తెంచేస్తారు. ఎస్‌ఎన్‌గ్రెప్‌లో 200 వరుసగా పడుతుంటే ఆ మెసేజ్ తెరిచి రికార్డ్-రూట్ లైన్, కాంటాక్ట్ లైన్ చూడండి. అవతలి మెషీన్ చేరుకోలేని అడ్రస్ ఏదో వాటిలో ఒకదాంట్లో ఉంటుంది. ఎక్కువసార్లు కమైలియో లిజన్ లైన్‌లో వీపీఎన్ అడ్రస్ చేర్చకపోవడమే కారణం. ఒకరు పెట్టేసినా అవతలి ఫోన్ కాల్‌లోనే ఉండిపోతే అక్కడ బై చేరలేదన్నమాట, వెతకాల్సిన చోటు అదే.

చివరగా సర్వర్ ఆపి చూడండి. ఒక కాల్ నడుస్తుండగా మొదటి ఆస్టరిస్క్‌ను సిస్టమ్‌సీటీఎల్ స్టాప్‌తో ఆపండి. దాని మీద నడుస్తున్న కాల్స్ తెగిపోతాయి, దాన్ని ఈ అమరిక ఆపలేదు. యజమానికి ఈ మాట ముందే చెప్పండి. వెంటనే కొత్త కాల్ చేయండి, రెండు సెకన్ల తేడాతో రెండో సర్వర్ మీద కలవాలి. సర్వర్ తిరిగి లేపాక డిస్పాచర్ లిస్ట్‌లో మళ్లీ ఏపీ అయిందో చూడండి. కమైలియో ఆగిపోతే మాత్రం మొత్తం ఆగుతుంది. దానికి రెండో కమైలియో పెట్టి, కీప్‌అలైవ్‌డీతో ఒకే అడ్రస్‌ను రెండింటి మధ్య మార్చే ఏర్పాటు తర్వాతి దశలో చేసుకోవచ్చు.

అసలు ఫోన్లను మార్చేటప్పుడు ఒక్కసారిగా మార్చకండి. రద్దీ లేని వారంలో, చిన్న లాడ్జీతో మొదలుపెట్టండి. పాత ఆస్టరిస్క్‌ను అలాగే ఉంచి, ముందు గదుల ఫోన్లు, కొన్ని రోజులు నడిచాక రిసెప్షన్ ఫోన్లు మార్చండి. ట్రంక్ అన్నిటికంటే ఆఖరున. కమైలియో ఫోల్డర్, రెండు ఆస్టరిస్క్ ఫోల్డర్లు, సబ్‌స్క్రైబర్ టేబుల్ కాపీ రోజూ రాత్రి వేరే మెషీన్‌కు వెళ్లేలా క్రాన్‌లో పెట్టి, ఆ కాపీతో ఒకసారి ఖాళీ మెషీన్‌ను లేపి చూడండి.